ఐటీ బ్రాంచ్ తీసుకోవచ్చా అంటే: ప్రోగ్రామ్ రన్ చేశాకే ల్యాబ్ రికార్డు రాస్తానంటే తీసుకో

తమ్ముడూ, నీ ప్రశ్న పొడుగ్గా ఉంది, నాకు అర్థమైనంత వరకు ముందు నేనే ఒకసారి చెప్పేస్తాను, తప్పుంటే సరిచెయ్యి. మీది ములుగు దగ్గర ఊరు, పదో తరగతి దాకా తెలుగు మీడియం, హన్మకొండలో హాస్టల్లో ఉండి ఎంపీసీ చదివావు, ఎప్‌సెట్‌లో 24 వేల చిల్లర ర్యాంకు, బీసీ. ఇక్కడే వరంగల్లో ఒక అటానమస్ కాలేజీలో ఐటీ వచ్చేలా ఉంది, హైదరాబాద్ శివార్లలో ఎవరూ పెద్దగా పేరు వినని కాలేజీలో సీఎస్‌ఈ ఏఐఎంఎల్, అంటే కంప్యూటర్ సైన్స్‌లో ఏఐ, మెషీన్ లెర్నింగ్ బ్రాంచ్, వచ్చేలా ఉంది. మీ బావేమో ఐటీ అంటే సీఎస్‌ఈ దొరకనోళ్లు తీసుకునేది అన్నాడు. నాన్న మిర్చి, పత్తి వేస్తాడు. నీకు కోడింగ్ ఒక్క ముక్క రాదు, ఇంగ్లిష్ అంటే భయం. ఐటీ తీసుకుంటే నష్టమా, ల్యాప్‌టాప్ ఇప్పుడే కొనాలా అన్నావు.

నాది పరకాల వైపు. 2005లో వరంగల్లో ఐటీలో చేరి 2009లో బయటపడ్డాను, చాలా ఏళ్లు హైదరాబాద్‌లో ఉద్యోగం చేసి ఇప్పుడు హన్మకొండలో ఇంటి నుంచే పని చేస్తున్నాను. ఆదివారాలు ఇద్దరు ముగ్గురు బీటెక్ పిల్లలు ప్రాజెక్టుల కోసం వస్తుంటారు, వాళ్లని చూస్తుంటే నేను చేసిన తప్పులే మళ్లీ కనిపిస్తున్నాయి, అందుకే ఇంత పొడుగు రాస్తున్నా.

ముందు మీ బావ మాట తేల్చేద్దాం. ఐటీకీ సీఎస్‌ఈకీ మొదటి రెండేళ్లలో చెప్పుకోదగ్గ తేడా ఉండదు. మ్యాథ్స్, సీ లాంగ్వేజ్, డేటా స్ట్రక్చర్స్, డిస్క్రీట్ మ్యాథ్స్, జావా, డీబీఎంఎస్ (డేటాబేస్‌లు), ఆపరేటింగ్ సిస్టమ్స్, కంప్యూటర్ నెట్‌వర్క్స్ ఇద్దరికీ ఉంటాయి, చాలా చోట్ల ఒకే సార్ రెండు సెక్షన్లకూ చెప్తారు. మూడు, నాలుగో సంవత్సరం ఎలక్టివ్స్ దగ్గర కొంచెం దారి మారుతుంది, ఐటీ వాళ్లకి వెబ్, సెక్యూరిటీ వైపు ఒకటి రెండు సబ్జెక్టులు ఎక్కువ పడొచ్చు, అది కూడా కాలేజీని బట్టి. ఎంటెక్ కోసం రాసే గేట్ పరీక్షలో ఇద్దరికీ కలిపి ఒకటే పేపర్, దాని పేరే 'కంప్యూటర్ సైన్స్ అండ్ ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ'. క్యాంపస్‌కి వచ్చే కంపెనీల నోటీసుల్లో కూడా సీఎస్‌ఈ, ఐటీ పక్కపక్కనే ఉంటాయి. పదిహేనేళ్ల పైన ఇంటర్వ్యూలు ఇచ్చాను, తర్వాత తీసుకున్నాను కూడా, నీది సీఎస్‌ఈనా ఐటీనా అని నన్ను అడిగినవాడు లేడు, నేనూ ఎవరినీ అడగలేదు. బావకి చెప్పు, ఇది పెళ్లిచూపుల్లో పనికొచ్చే తేడా.

ఇక ఏఐఎంఎల్ సంగతి. అది చెడ్డ బ్రాంచ్ అని నేననను, కానీ ఆ పేరు చూసి కాలేజీని మరిచిపోవద్దు. కొత్త బ్రాంచ్ పెట్టాలంటే బోర్డు మార్చితే సరిపోతుంది, చెప్పేవాళ్లు దొరకాలి కదా. ప్రాబబిలిటీ, లీనియర్ ఆల్జీబ్రా, కోడింగ్ గట్టిగా ఉన్నవాడు ఐటీలో కూర్చుని కూడా ఏఐ నేర్చుకోగలడు, అవి లేనివాడు ఏఐఎంఎల్ సర్టిఫికెట్ పట్టుకున్నా చేసేదేం లేదు. కాబట్టి బ్రాంచ్ పేరు పక్కన పెట్టి ఒక పని చెయ్యి. రెండు కాలేజీలకీ మామూలు పనిదినం రోజు, మధ్యాహ్నం రెండున్నర మూడు మధ్యలో వెళ్లు. అడ్మిషన్ల ఆఫీసులో ఏసీ గదిలో కూర్చోపెట్టి బ్రోచర్ ఇస్తారు, అది తీసుకుని బయటికొచ్చి కంప్యూటర్ ల్యాబ్ ఎక్కడో అడుగు. తాళం వేసి ఉందా? తీసి ఉంటే ఎన్ని సిస్టమ్స్ ఆన్‌లో ఉన్నాయి? పిల్లలు స్క్రీన్ వైపు చూస్తున్నారా, లేక బెంచీ మీద పుస్తకం పెట్టుకుని రికార్డు రాస్తున్నారా? క్యాంటీన్ దగ్గర సెకండియర్ వాళ్లని పట్టుకుని, మీ ల్యాబ్‌లో ప్రోగ్రామ్ రన్ కాకపోతే సార్ ఏమంటాడు అని అడుగు. ఈ ఒక్క ప్రశ్నకి వచ్చే జవాబు ఏ ర్యాంకింగ్ పట్టికలోనూ దొరకదు.

ఎందుకు ల్యాబ్ ల్యాబ్ అంటున్నానో చెప్తా. ఇదే నా అసలు జవాబు.

మన ఇంజినీరింగ్ కాలేజీల్లో రికార్డు అనే ఒక పూజ ఉంటుంది. ముందు అబ్జర్వేషన్ బుక్‌లో ప్రోగ్రామ్ రాయాలి, సార్ సంతకం పెట్టాలి, తర్వాత అదే అట్ట వేసిన రికార్డులోకి ఎక్కించాలి, ఎడమ పక్క తెల్ల పేజీలో అవుట్‌పుట్ రాయాలి. సీనియర్ రికార్డు ఒకటి సెక్షన్ మొత్తం తిరుగుతుంది. నయీంనగర్‌లో మేం నలుగురం రూమ్ తీసుకుని ఉండేవాళ్లం, సబ్మిషన్ ముందు రాత్రి ఒకడు చదువుతుంటే ముగ్గురం రాసేవాళ్లం. చాయ్ తాగుతూ, పాటలు పెట్టుకుని. నా చేతిరాత బాగుంటుంది, డేటా స్ట్రక్చర్స్ రికార్డుకి సార్ పక్కన 'గుడ్' అని రాశారు. అందులో ఉన్న అవుట్‌పుట్లలో సగం ఏ కంప్యూటరూ ఎప్పుడూ ఇవ్వలేదు, మేమే ఊహించి రాశాం. సీనియర్ ఒక దగ్గర 45 బదులు 54 రాస్తే మా సెక్షన్ అరవై మంది రికార్డుల్లోనూ 54 ఉంది. దిద్దే సార్ కూడా చూడలేదు.

ఇప్పుడు మొదటి ల్యాబ్ రోజుకి వెళ్దాం, ఇది నాకు కళ్లకు కట్టినట్టు గుర్తుంది. సీలో ఒక నంబర్ తీసుకుని దాని రెట్టింపు చూపించే ప్రోగ్రామ్. కీబోర్డు నుంచి విలువ తీసుకునే స్కాన్‌ఎఫ్ రాసి, శాతం గుర్తు, డీ, తర్వాత కామా పెట్టి, ఆ నంబర్ దాచుకునే ఎన్ అని రాశాను. ఎన్ ముందు 'అండ్' గుర్తు (&) పెట్టాలి, మరిచిపోయాను. కంపైల్ అయింది, నంబర్ కొట్టి ఎంటర్ నొక్కితే ప్రోగ్రామ్ చచ్చిపోయింది, సెగ్మెంటేషన్ ఫాల్ట్ అని వచ్చింది. పక్కవాడు వంగి చూసి, ఎన్ ముందు అండ్ పెట్టురా అన్నాడు, పెట్టాను, పని చేసింది, అయిపోయిందనుకున్నాను. ఎందుకు పెట్టాలి అని నేను అడగలేదు, వాడికి తెలిస్తే కదా చెప్పడానికి.

సంగతేంటంటే, స్కాన్‌ఎఫ్‌కి కావాల్సింది ఎన్‌లో ఏముంది అన్నది కాదు, ఎన్ ఎక్కడుంది అన్నది. నువ్వు హన్మకొండలో రూమ్‌లో ఉన్నావు, ఊరి నుంచి నాన్న బియ్యం బస్తా పంపాలి. బస్సు డ్రైవర్‌కి ఏం చెప్పాలి? రూమ్ అడ్రస్ చెప్పాలి. దానికి బదులు 'మా వాడి దగ్గర ఇప్పుడు ఐదు కిలోలు మిగిలాయి' అని చెప్తే? డ్రైవర్ ఆ ఐదునే ఇంటి నంబర్ అనుకుని, ఐదో నంబర్ ఇంటి తలుపు కొడతాడు. ఆ ఇల్లు నీది కాదు, వాళ్లు తరిమేస్తారు. అండ్ లేకపోతే జరిగేది అచ్చంగా అదే, ఎన్‌లో ఉన్న ఏదో చెత్త విలువనే అడ్రస్ అనుకుని స్కాన్‌ఎఫ్ అక్కడ రాయబోతుంది, అది నీ ప్రోగ్రామ్‌కి చెందని చోటైతే ఆపరేటింగ్ సిస్టమ్ మెడ పట్టి బయటికి గెంటుతుంది. ఒక్కోసారి గెంటకుండా ఊరుకుంటుంది కూడా, అది ఇంకా ప్రమాదం, తప్పు ఉన్నట్టే తెలియదు.

ఇంత చిన్న విషయం నేను దాటేశాను. 2009లో బయటికొచ్చాం, అమెరికాలో మాంద్యం దెబ్బకి ఆ ఏడాది ఉద్యోగాలు లేవు, క్యాంపస్‌లో వచ్చినవాళ్లకే జాయినింగ్ తేదీలు వెనక్కి వెనక్కి పోతున్నాయి, మాలాంటి రానివాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. పొద్దున్నే కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్‌లో దిగడం, ఫైలు పట్టుకుని వాక్-ఇన్లకి తిరగడం, సాయంత్రం శాతవాహన ఎక్స్‌ప్రెస్‌లో వెనక్కి రావడం. ఒక చిన్న కంపెనీలో రాత పరీక్ష దాటాను, లోపల ఒకాయన కాగితం ఇచ్చి లింక్డ్ లిస్ట్‌లో, అంటే ఒక్కో నోడ్ తన తర్వాతి నోడ్ అడ్రస్ పట్టుకుని ఉండే గొలుసులో, ఒక నోడ్ తీసేసే ఫంక్షన్ రాయమన్నాడు. నా రికార్డులో ఉన్న ప్రోగ్రామే, 'గుడ్' వచ్చిన ప్రోగ్రామ్. బట్టీ పట్టింది పట్టినట్టు రాశాను. ఆయన చూసి, మొదటి నోడే తీసేస్తే ఏమవుతుంది అన్నాడు. నేను హెడ్‌ని (మొదటి నోడ్ అడ్రస్ ఉండేది) తర్వాతి నోడ్‌కి మార్చాను కదా సార్ అన్నాను. ఫంక్షన్ లోపల మార్చావు, బయట మెయిన్‌లో ఉన్న హెడ్ ఎవరు మార్చారు అన్నాడు.

మౌనం.

ఫంక్షన్‌కి నేను హెడ్ విలువని పంపాను, హెడ్ అడ్రస్‌ని కాదు. లోపలున్నది నకలు. నకలు మారింది, అసలు మాత్రం ఫ్రీ చేసేసిన పాత నోడ్ వైపే చూస్తూ ఉండిపోయింది. మొదటి ల్యాబ్‌లో పక్కవాడు పెట్టమంటే పెట్టిన ఆ అండ్ గుర్తే నాలుగేళ్ల తర్వాత అక్కడ ఎదురొచ్చి నిలబడింది. ఆయన కోప్పడలేదు, ఇంటికెళ్లి ఒకసారి రన్ చేసి చూడు అన్నాడంతే. ఆ రాత్రే హన్మకొండ చౌరస్తా దగ్గర నెట్ సెంటర్‌లో గంటకి పదిహేను రూపాయలిచ్చి కూర్చుని, డిగ్రీలో మొదటిసారి, అవును డిగ్రీ అయిపోయాక మొదటిసారి, ఒక లింక్డ్ లిస్ట్‌ని నా చేతులతో రన్ చేశాను. ఉద్యోగం రావడానికి ఇంకో ఎనిమిది నెలలు పట్టింది.

అందుకే నీకు కోడింగ్ రాదన్న భయం నాకు పెద్ద విషయంగా అనిపించదు. చేరేముందు ఏమీ రానక్కర్లేదు, సిలబస్ సున్నా నుంచే మొదలవుతుంది. రికార్డు రాసే పద్ధతిని కాలేజీ మార్చదు, నువ్వూ మార్చలేవు, రాయాల్సిందే. కానీ రన్ చెయ్యని ప్రోగ్రామ్‌ని రికార్డులోకి ఎక్కించకూడదని ఒట్టు పెట్టుకో. రన్ అయ్యాక దాన్ని కావాలనే పాడుచెయ్యి, అండ్ తీసెయ్, లూప్‌లో ఒకటి ఎక్కువ తిప్పు, ఖాళీ లిస్ట్ ఇవ్వు, ఏ ఎర్రర్ వస్తుందో అబ్జర్వేషన్ బుక్ చివరి పేజీల్లో నీ మాటల్లో తెలుగులోనే రాసుకో. సెమిస్టర్ చివరికి ఆ చివరి పేజీలే నీ అసలు నోట్స్ అవుతాయి. వైవాలో, అంటే నోటి పరీక్షలో, బయటి నుంచి వచ్చే ఎక్స్‌టర్నల్ అడిగేవి కూడా అక్కడి నుంచే వస్తాయి, నమ్ము.

ఇంగ్లిష్ గురించి. ఇంగ్లిష్ మాట్లాడటం వేరు, ఎర్రర్ మెసేజ్ చదవడం వేరు. మొదటిదానికి టైం పడుతుంది, పట్టనీ. రెండోదానికి నీకు కావాల్సిన పదాలు నూటయాభై, రెండు వందలకు మించవు: అన్‌డిఫైన్డ్, ఎక్స్‌పెక్టెడ్, డిక్లేర్డ్, నల్, ఔట్ ఆఫ్ రేంజ్, ఇలాంటివి. తెలుగు మీడియం పిల్లలు ఎర్రర్ కనిపించగానే చదవకుండానే పక్కవాడిని పిలుస్తారు, నేనూ అంతే. కంపైలర్ లైన్ నంబర్‌తో సహా చెప్తుంది, చాలాసార్లు ఆ లైన్లోనో దాని పై లైన్లోనో తప్పుంటుంది. నిదానంగా పైకి చదువు, ఎవరూ వినకపోతే ఇంకా మంచిది. మాట్లాడటానికైతే మూడో సంవత్సరం దాకా ఆగకుండా, నీ ప్రోగ్రామ్ ఏం చేస్తుందో వారానికోసారి ఇంగ్లిష్‌లో ఐదు నిమిషాలు రూమ్మేట్‌కి చెప్పు, తప్పులతోనే చెప్పు.

ఫస్టియర్‌లో నిన్ను ముంచేది కోడింగ్ కాదు, మ్యాథ్స్. ఎంపీసీ చేశాం కదా, మనకేంటి అనుకుంటారు, ఎం-1లో, అంటే మొదటి మ్యాథ్స్ పేపర్‌లో, బోల్తా పడతారు. నాది రెండుసార్లు పోయింది, సప్లీ ఫీజు కట్టడానికి ఇంట్లో ఏం చెప్పానో ఇక్కడ రాయను. ఎగ్జామ్ ముందు ఆల్ ఇన్ వన్ గైడు కొనుక్కుని గట్టెక్కే సబ్జెక్టులు కొన్ని ఉన్నాయి, మ్యాథ్స్ అందులో లేదు. ఎలక్ట్రికల్, కెమిస్ట్రీ, డ్రాయింగ్ మనకెందుకు అని అందరూ తిట్టుకుంటారు, తిట్టుకుంటూనే పాసైపో. పాసైన సబ్జెక్టులకి క్రెడిట్లు వస్తాయి, డిగ్రీకి మొత్తం దాదాపు 160, ఏ ఏడాదికి కావాల్సినన్ని ఆ ఏడాదికి పోగవ్వకపోతే పై సంవత్సరానికి పంపకుండా ఆపేస్తారు. అటెండెన్స్ 75 శాతం ఉండాలి, 65కీ 75కీ మధ్యలో ఉంటే కారణం చూపించి కండోనేషన్ ఫీజు కట్టాలి, 65 దిగువకు పోతే డిటెయిన్, అంటే ఆ సెమిస్టర్ మళ్లీ చదవాలి. సమ్మక్క జాతరకి వారం, మిర్చి కోతలకి వారం, పెళ్లిళ్లకి ఇంకో వారం అని ములుగు వైపు పిల్లలు ఇక్కడే దొరికిపోతారు, ముందే లెక్క వేసుకో. క్యాంపస్‌లో చాలా కంపెనీలు పది, ఇంటర్, బీటెక్ అన్నింటిలో 60 శాతం, బ్యాక్‌లాగ్స్ (ఫెయిలై మిగిలిన సబ్జెక్టులు) ఉండకూడదు అంటాయి. అక్కడ నీ కోడింగ్ చూసే దాకా రానివ్వరు, గేటు దగ్గరే ఆపేస్తారు.

సెకండియర్‌లో డీబీఎంఎస్ వస్తుంది. దీని దగ్గర కొంచెం ఆగుతా, ఎందుకంటే మీ నాన్న మిర్చి వేస్తాడన్నావు, అంటే నీ దగ్గర ఏ టెక్స్ట్‌బుక్‌లోనూ లేని సామాను ఉంది. పుస్తకాల్లో ఎప్పుడూ స్టూడెంట్, ఎంప్లాయీ, డిపార్ట్‌మెంట్ టేబుల్సే ఉంటాయి. ఎవడికీ ఆ డిపార్ట్‌మెంట్ మీద ప్రేమ ఉండదు. పోయినేడాది నా దగ్గరికి వచ్చిన అమ్మాయికి వాళ్ల నాన్న ఎనుమాముల మార్కెట్ నుంచి తెచ్చిన తక్‌పట్టీ (సరుకు అమ్మినప్పుడు ఇచ్చే చీటీ) ఒకటి తెమ్మన్నాను. ఒక చిన్న కాగితం. తేదీ, రైతు పేరు, ఊరు, అడ్తిదారు, సరుకు, ఎన్ని బస్తాలు, తూకం, తరుగు (తూకంలో తగ్గించేది), క్వింటాల్ ధర, దాంట్లోంచి హమాలీ, కమీషన్ లాంటి ఖర్చులు పోను చేతికొచ్చే మొత్తం. ఇదంతా డేటాబేస్‌లో పెట్టు అన్నాను.

అందరిలాగే ఒకటే పెద్ద టేబుల్ చేసింది, కాగితంలో ఉన్న ప్రతి గడీకి ఒక కాలమ్. ముప్పై పట్టీలు ఎక్కించాక వాళ్ల ఊరి పేరు మూడు రకాల స్పెల్లింగులతో ఉంది, వాళ్ల నాన్న పేరు ఒకచోట ఇంటిపేరుతో, ఇంకోచోట లేకుండా. ఆ రైతుకి ఈ ఏడాది మొత్తం ఎంత వచ్చింది అని అడిగితే కంప్యూటర్ ముగ్గురు వేర్వేరు రైతులు అనుకుని మూడు లెక్కలు చెప్పింది. నార్మలైజేషన్ అంటే ఇదే నొప్పి తీసే మందు. రైతులు ఒక టేబుల్‌లో, ప్రతి ఒక్కరికీ ఒక నంబర్. పట్టీ ఇంకో టేబుల్‌లో, అందులో పేరు ఉండదు, రైతు నంబర్ ఉంటుంది. ఒక పట్టీకి హమాలీ, కమీషన్ లాంటి కోతలు ఎన్నైనా ఉండొచ్చు కాబట్టి అవి వేరే టేబుల్. ఎగ్జామ్‌లో రాసే ఫస్ట్ నార్మల్ ఫామ్, సెకండ్ నార్మల్ ఫామ్ నిర్వచనాలు అప్పుడు బట్టీ పట్టక్కర్లేకుండానే వచ్చేస్తాయి.

తర్వాత ఆ అమ్మాయి ఒక తెలివైన తప్పు చేసింది. ధర అనేది సరుకుకి సంబంధించింది కదా అని సరుకుల టేబుల్‌లో మిర్చి పక్కన ధర పెట్టింది. చూడ్డానికి సరిగ్గానే ఉంది. మర్నాడు ధర మారింది, అక్కడ మార్చింది, అంతే, పోయిన వారం అమ్మిన పట్టీలన్నీ కొత్త ధరకి మారిపోయాయి! ఒక రైతుకి చేతికి రాని డబ్బు వచ్చినట్టు చూపిస్తోంది. ధర మిర్చిది కాదు, ఆ రోజు ఆ లాట్‌ది. తేమ, రంగు చూసి పక్కపక్క బస్తాలకే వేరు ధర పలుకుతుంది, అది మార్కెట్‌లో నిలబడ్డ రైతు బిడ్డకి తెలిసినంతగా పుస్తకం రాసినాయనకి తెలియదు. అలాగే డబ్బుని ఫ్లోట్ అనే నంబర్ టైప్‌లో పెట్టింది, పైసల దగ్గర లెక్క తేడా వచ్చింది, ఎందుకంటే 0.1 లాంటి సంఖ్యని బైనరీలో కచ్చితంగా రాయలేం, డబ్బుకి డెసిమల్ టైప్ వాడాలి. ఇద్దరు గుమస్తాలు ఒకే లాట్‌ని ఒకేసారి ఎంటర్ చేస్తే ఏంటి అన్న దగ్గర ట్రాన్సాక్షన్స్ చాప్టర్ మొదలైంది. ఒక చిన్న కాగితం మీద సెమిస్టర్ సగం సిలబస్ నడిచింది. ఆమె ఇంటర్వ్యూలో ఇదే చెప్పింది, అవతలివాళ్లు తరుగు అంటే ఏంటని అడిగి మరీ విన్నారట. ఇరవై నిమిషాలు దాని మీదే మాట్లాడించారు.

ఇలాంటిది చెయ్యకుండా ఫైనలియర్‌లో అందరూ చేసేది ఏంటో నీకు చేరగానే తెలుస్తుంది, ప్రాజెక్ట్ కొనడం. డబ్బులిస్తే కోడ్, రిపోర్ట్, పీపీటీ అన్నీ సీడీలో, ఇప్పుడైతే పెన్‌డ్రైవ్‌లో. ముగ్గురు నలుగురు కలిసి పంచుకుంటారు. దాంతో డిగ్రీ వస్తుంది, కాదనను. కానీ రెజ్యూమెలో అదొక్కటే పెట్టుకుని వెళ్లినవాడిని లాగిన్ పేజీలో పాస్‌వర్డ్ ఎలా దాచావు అని అడిగితే నీళ్లు నములుతాడు. ఆ కొన్న కోడ్‌లో పాస్‌వర్డ్ ఉన్నదున్నట్టు టేబుల్‌లో రాసి ఉంటుంది, నేను చూసిన వాటిలో చాలామట్టుకు అంతే.

చాట్‌జీపీటీ లాంటివి వాడొచ్చా అని నువ్వు అడగలేదు, కానీ వాడతావు, తెలుసు. మా కాలంలో సీనియర్ రికార్డు, మీ కాలంలో ఇది. 2022 చివర్లో వచ్చింది, అప్పటి నుంచి అసైన్‌మెంట్లన్నీ ఒకే గొంతుతో ఉంటున్నాయని ఇక్కడి లెక్చరర్ మిత్రుడొకడు మొత్తుకుంటున్నాడు. ఎర్రర్ ఇచ్చి దీనర్థం తెలుగులో చెప్పు అని అడుగు, చక్కగా చెప్తుంది, తెలుగు మీడియం పిల్లలకి మాకు లేని వరం అది. అప్పుడప్పుడు ధైర్యంగా తప్పు కూడా చెప్తుంది, రన్ చేసి చూసుకో. ప్రోగ్రామ్ మొత్తం రాయించుకుంటే మాత్రం నా 'గుడ్' రికార్డు కథే, కాకపోతే చేతిరాత కూడా నీది కాదు.

డబ్బు విషయం. బీసీలకి మామూలుగా 10 వేల లోపు ర్యాంకు అయితే పూర్తి ఫీజు రీయింబర్స్‌మెంట్, దాటితే ఏడాదికి 35 వేలు, మిగతాది చేతి నుంచి కట్టుకోవాలి. ప్రభుత్వ కాలేజీల్లో చదివినవాళ్లకి వేరే వెసులుబాట్లు ఉన్నాయి, ఇంటర్ ఎక్కడ చదివావో రాయలేదు నువ్వు, స్కాలర్‌షిప్‌లకి అప్లై చేసే ఈపాస్ వెబ్‌సైట్‌లో నీ కేసు సరిగ్గా చూసుకో. ఆదాయ సర్టిఫికెట్ ఇప్పుడే తీసిపెట్టుకో, మీసేవ దగ్గర చివరి రోజుల్లో జాతర లాగే ఉంటుంది. ఇంకోటి, ప్రభుత్వం నుంచి ఆ డబ్బు ఆలస్యంగా వస్తే కొన్ని కాలేజీలు చివర్లో సర్టిఫికెట్లు ఆపి ముందు నువ్వు కట్టు అంటాయి, సీనియర్లని ఈ ముక్క కూడా అడుగు. హైదరాబాద్ అంటే దీని మీద హాస్టల్ ఖర్చు. నాలుగేళ్లకి అది చిన్న మొత్తం కాదు, ఒక మిర్చి పంట దెబ్బ తింటే ఏమవుతుందో నాకంటే నీకు బాగా తెలుసు.

హైదరాబాద్‌లో ఉంటే ఎక్స్‌పోజర్ వస్తుంది అంటారు. కొంత నిజమే. కానీ శివార్లలో కాలేజీ అంటే పొద్దున బస్సులో గంటన్నర, సాయంత్రం గంటన్నర, ఎక్స్‌పోజర్ అంతా ఔటర్ రింగ్ రోడ్డుకే. కాజీపేట నుంచి సికింద్రాబాద్ 130 కిలోమీటర్ల చిల్లర, రైలుంది, ఇంటర్న్‌షిప్ వచ్చినప్పుడు వెళ్లొచ్చు. వరంగల్ కూడా మేం చదివినప్పటిలా లేదు. మడికొండ ఐటీ పార్కులో 2020 జనవరిలో సైయెంట్, టెక్ మహీంద్రా మొదలుపెట్టాయి, అదే ఏడాది కరీంనగర్‌లో ఐటీ టవర్ వచ్చింది. వీటిని చూసి చదువు అయిపోగానే ఇంటి పక్కనే ఉద్యోగం అని కలలు కనొద్దు, సీట్లు తక్కువ, మొదటి ఉద్యోగం ఎక్కువమందికి హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో వస్తుంది. పెద్ద సర్వీస్ కంపెనీల్లో ఫ్రెషర్‌కి ఏడాదికి మూడు, మూడున్నర లక్షల దగ్గర మొదలవుతుంది, మేం చేరినప్పుడూ దాదాపు అంతే, అదే నాకు కడుపు మండే విషయం. అంతకు మించి కావాలంటే డేటా స్ట్రక్చర్స్, నెట్‌వర్క్స్, ఓఎస్ ఈ మూడూ నీళ్లు తాగినట్టు రావాలి.

ఒకటి మాత్రం గట్టిగా చెప్తా. రెండు లక్షలు కట్టు, ఆఫర్ లెటర్ ఇప్పిస్తాం అనే బ్యాక్‌డోర్ మాటలు ఫైనలియర్‌లో నీ దాకా వస్తాయి, చెప్పేది మన జిల్లావాడే అయుంటాడు, అన్నా అని పిలవాలనిపించేలా మాట్లాడతాడు. మా బ్యాచ్‌లో ఒకడు పొలం కుదువపెట్టి కట్టాడు. మూడు నెలలు జీతం వచ్చింది, నాలుగో నెల ఆఫీసుకు తాళం.

ల్యాప్‌టాప్ ఇప్పుడే కొనకు. మొదటి రెండు మూడు నెలలు కాలేజీ ల్యాబ్ చాలు, పైగా ల్యాప్‌టాప్ ఉంటే ల్యాబ్‌కి వెళ్లాలనిపించదు. దసరా తర్వాత కొను. ఎస్‌ఎస్‌డీ కచ్చితంగా ఉండాలి, ర్యామ్ 16 జీబీ అయితే నాలుగేళ్లూ నడుస్తుంది, కుదరకపోతే 8 తీసుకుని తర్వాత పెంచుకునే వీలున్నది చూడు. గ్రాఫిక్స్ కార్డు షాపువాడికి కావాలి, నీకు అక్కర్లేదు. వాడిన మంచి ఆఫీసు ల్యాప్‌టాప్ సగం ధరకి దొరుకుతుంది, బ్యాటరీ ఎంతసేపు ఆగుతుందో షాపులోనే కూర్చుని చూసుకో. కొన్న వారానికి లినక్స్ వేసుకో, పాడవుతుంది, మళ్లీ వేసుకో. ఆపరేటింగ్ సిస్టమ్స్‌లో పార్టిషన్, ఫైల్ సిస్టమ్ అన్న మాటలకి అప్పుడే ముఖం వస్తుంది.

కౌన్సెలింగ్‌లో కాలేజీలు ఎంచుకునే వెబ్ ఆప్షన్ల దగ్గరికొస్తే, నేనైతే వరంగల్ ఐటీ పైన పెడతాను, ల్యాబ్ చూసొచ్చాక నీకు వేరేగా అనిపిస్తే నీ ఇష్టం. ఒక్క సంగతి గుర్తుంచుకో, ఆప్షన్ల వరస చాలా ముఖ్యం, ఏది నిజంగా కావాలో అదే పైన ఉండాలి. నాకెలాగూ రాదులే అని మంచిదాన్ని కిందికి తోసేస్తే పైనున్న సాదాదే అంటగడతారు, కంప్యూటర్‌కి నీ మనసులో మాట తెలియదు కదా. నెట్ సెంటర్‌వాడి చేత పెట్టించొద్దు, నువ్వే పెట్టు, ఫ్రీజ్ చేసే ముందు ప్రింట్ తీసి ఇంట్లో ఒక రాత్రి ఉంచు. పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పకు, బావకి కూడా.

అన్నట్టు, నాన్న పాత తక్‌పట్టీలు ఇంట్లో ఎక్కడో సంచిలోనో దూలానికి గుచ్చిన తీగకో ఉంటాయి. పారేయొద్దని చెప్పు.